చెమట బెల్టు గారికి విశాఖ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ చెమట బెల్టు గారికి,

విశాఖపట్నం నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, ఉక్కపోత తప్ప. అసలు ఆ ఉక్కపోత గురించే ఈ ఉత్తరం.

తమరు నడుముకి చుట్టుకునే రబ్బరు పట్టీ. 'చెమట పట్టించండి, పొట్ట కరిగించండి' అని మీ అట్టపెట్టె మీద రాసుకున్నారు కదా, వేరే ఊళ్ల సంగతేమో గానీ వైజాగ్‌కొచ్చి చెమట అమ్మాలనుకోవడం మీకే చెల్లింది. మే నెలలో పూర్ణా మార్కెట్‌లో సంచీ పట్టుకుని వంకాయల దగ్గర కాసేపు బేరమాడితే చాలు, చొక్కా పిండుకోవచ్చు. కరెంటు పోయిన మధ్యాహ్నం మంచం మీద కదలకుండా పడుకున్నా కారుతూనే ఉంటుంది. చెమటతోనే కొవ్వు పోయేదైతే ఈపాటికి ఊరు ఊరంతా వెదురు బద్దల్లా ఉండాలి, ఒక్కసారి బీచ్ రోడ్డుకొచ్చి మా నడుములు చూడండి.

మా బావగారు మీ పరమ భక్తులు. పొద్దున్నే మిమ్మల్ని చుట్టుకుని, మీ మహిమ చాలదన్నట్టు లోపల ఒక పాలిథిన్ కవరు కూడా చుట్టి నడుస్తారు. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరికి రాగానే ఆగి, చర్రుమని మీ అతుకు లాగి, లోపలి వైపు తిప్పి చూపిస్తారు. నల్లటి రబ్బరు మీద బొట్లు బొట్లుగా నీళ్లు, నడుం చుట్టూ మీ అచ్చు, దాని పక్కనే ఎర్రగా పేలిన పొక్కులు. "చూశావా, కొవ్వెలా కారుతోందో!" అంటారు. ఇంటికెళ్లి వేయింగ్ మెషీన్ ఎక్కేదాకా చుక్క నీళ్లు ముట్టరు, ఎక్కాక ఏడెనిమిది వందల గ్రాములు తగ్గిందని అందరికీ చెప్పి, రెండు గ్లాసుల మజ్జిగ, ఒక చెంబు నీళ్లు తాగి దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టేస్తారు.

కొవ్వు అసలు ఏ దారిన పోతుందో మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆస్ట్రేలియా వాళ్లు లెక్కగట్టారు: ఒంట్లో 10 కిలోల కొవ్వు ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి ముక్కులోంచే పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. (అలాగని కూర్చుని గబగబా ఊపిరి వదిలితే లాభం లేదు, కొవ్వు ముందు ఖర్చవ్వాలిగా. ఇది విని రేపు ఊపిరి బెల్టు తయారుచేయకండి.) పైగా మిమ్మల్ని ఎక్కడ కట్టుకుంటే అక్కడే కొవ్వు కరగాలని ఒంటికి రూలేమీ లేదు.

చెమట పనల్లా ఒంటిని చల్లబరచడం. అది ఆరితేనే చల్లదనం. ఈ సముద్రపు గాలిలో మామూలుగానే ఆరదు, మీరు, పాలిథిన్ కవరు కలిసి ఆ కాస్త దారీ మూసేస్తున్నారు. బావగారికి బీపీ మాత్ర ఉంది, ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపేసే రకం. మొన్న కళ్లు తిరిగి బల్ల మీద కూలబడితే "కొవ్వు కరుగుతోంది, అందుకే నీరసం" అన్నారు. ఆ ధైర్యం మీరిచ్చిందే.

మా అక్క సంగతి వేరు. ఆవిడది బొత్తిగా చప్పటి కథ, మీ ప్రకటనకి పనికిరాదు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, ఆకుకూర పెంచింది, సాయంత్రం బజ్జీల బదులు పంచదార లేని చోడి (రాగి) అంబలి తాగుతుంది. రోజూ అరగంట గబగబా నడుస్తుంది, వారానికి రెండ్రోజులు గోడకానించి పుషప్‌లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇంచుమించు ఇంతే: వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి పని, రెండ్రోజులు కండరాలకు పని. తగ్గడం వారానికి అర కిలో, మహా అయితే కిలో. అంతకన్నా తొందరపడితే కండ కూడా కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లొచ్చే ప్రమాదమూ ఉంది. బావగారేమో వాకింగ్ చేశాం కదా అని నాలుగిడ్లీలు తిని, పక్కవాడి ప్లేట్లో పూరీ చూసి అదీ చెప్తారు. అరగంట నడక ఖర్చు ఆ పూరీల ముందు ఏ మూలకి?

అక్క మెషీన్ కూడా ఎక్కదు, టైలరు టేపుతో నడుం కొలుచుకుంటుంది. మన దేశంలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలంటారు డాక్టర్లు. బావగారూ కొలిపించుకున్నారు, కాకపోతే మిమ్మల్ని బిగించి కట్టుకుని, ఊపిరి బిగబట్టి.

చివరగా ఒక సందేహం. మీ పెట్టె మీద 'మూడు నెలల గ్యారంటీ' అని ఉంది. రెండో నెలకే మీ అతుకు ఊడిపోయింది, బావగారి పొట్ట మాత్రం చెక్కుచెదరలేదు. ఇంతకీ ఆ గ్యారంటీ మీకా, పొట్టకా?

ఇట్లు,
బావగారి బావమరిది