కంబాలకొండ పార్కు కాదు, అడవే

విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఊరి పక్కనున్న కంబాలకొండ అడవి కాదు, అక్కడి జూ కోసం నాటిన తోట అట. ఉన్న కాస్తా హుద్‌హుద్ తుఫానుకి పోయిందట. చిరుతలు జూ నుంచి తప్పించుకున్నవట. పర్మిషన్లు డబ్బు కోసమే కాబట్టి వెనక నుంచి ఎక్కేయమని, రాత్రయితే ఇంకా బాగుంటుందని సలహా కూడా. ఇది చదివి ఎవరైనా కొండెక్కుతారేమో అన్నదే నా భయం.

తోట సంగతి ముందు చూద్దాం. 1970కి ముందు ఈ కొండలు విజయనగరం మహారాజుల ఆధీనంలో ఉండేవి. ఆ తర్వాత అటవీ శాఖ చేతికొచ్చాయి. జూ తెరిచింది 1977లో, అదీ కంబాలకొండ రిజర్వు ఫారెస్టు మధ్యలోనే. అడవి ముందు, జూ తర్వాత. 2002 మార్చిలో సుమారు 71 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. గేటు దగ్గర చెరువు, పడవలు చూసి వెనక్కొచ్చేసినవాళ్ళకి పార్కులాగే అనిపించొచ్చు. బాట పట్టి ఇంకాస్త పైకి నడిస్తే తెలుస్తుంది.

హుద్‌హుద్ మాటలో సగం నిజముంది. 2014 అక్టోబర్ 12న ఆ గాలికి కొండల మీద ఆకన్నది మిగల్లేదు. పచ్చటి కొండలు మాడిపోయినట్టు గోధుమరంగుకి తిరగడం ఊరంతా చూసింది. ఆ బాధ ఎవరం మర్చిపోలేదు. కానీ విరగడం వేరు, చావడం వేరు. బాట పక్కన విరిగిన మోడుల్ని ఆగి చూడండి. వేరు బతికున్న చోట మొదలు చుట్టూ నాలుగైదు కొమ్మలు కొత్తగా లేచి, ఒకే చెట్టు గుంపుగా మారి కనిపిస్తుంది. ఈ నేలకి అలవాటైన చెట్లు అలాగే తిరిగి లేస్తాయి. నీడ పోయిన ఖాళీల్లో లాంటానా అనే కలుపు పొద అల్లుకుపోవడమే అసలు బెడద. దాని గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

ఇక చిరుతలు. జూలో ఏ జంతువులెన్ని ఉన్నాయో కేంద్ర జూ ప్రాధికార సంస్థకి లెక్క చెప్పాలి. చిరుతలు తప్పించుకుంటే దాచిపెట్టే వీలెక్కడిది? అయినా తూర్పు కనుమల్లో చిరుత ఉండటం వింతేమీ కాదు. అడవి పందులు, కణుజులు, మొరిగే జింకలు ఉన్న చోట దానికి తిండికి లోటు లేదు. అడవి అంచున ఊరకుక్కల్నీ వదలదు. వాన పడ్డాక ఎర్రమట్టిలో అడుగుజాడ కనిపిస్తే వంగి చూడండి. కుక్కదైతే వేళ్ళ ముందు గోళ్ళ గుర్తులు సాధారణంగా కనబడతాయి. చిరుత గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి నున్నటి అచ్చు మాత్రమే పడుతుంది. అది ఎక్కువగా తిరిగేది చీకటి పడ్డాకే. రాత్రి ట్రెక్ అంటే దాని దారిలోకి మనం వెళ్ళడమే. రక్తపింజర కూడా రాత్రిళ్ళే ఎక్కువ కదులుతుంది, టార్చ్ వెలుగులో ఎండుటాకుల మధ్య కనిపెట్టడం చాలా కష్టం.

పర్మిషన్ డబ్బు కోసమన్నది మరీ అన్యాయం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27, 28 సెక్షన్లు చదవండి. దేశంలో ఏ అభయారణ్యంలోకైనా సందర్శకుడు అనుమతితోనే అడుగు పెట్టాలి. ఎవరు లోపలికెళ్ళారో తెలిస్తేనే కదా, సాయంత్రానికి బయటికి రానివాళ్ళ కోసం వెతికేది! పైగా దొంగదారిన ఎక్కేవాళ్ళలో కొందరు పైన చికెన్ కాల్చుకుంటారు. మార్చి, ఏప్రిల్‌లో గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ కొండల మీద పడ్డ వానే ముడసర్లోవ జలాశయంలోకి దిగుతుంది. వాలు కాలిపోతే మట్టి కూడా నీళ్ళతో పాటే దిగుతుంది.

ఉదయం గేటు తెరిచాక టికెట్ తీసుకుని, స్థానిక గైడ్‌తో నడవండి. ఆ మెసేజ్ చెప్పిన వెనక దారిన వెళ్తే మాత్రం చట్టప్రకారం అది నేరం, కేసు పెడతారు.