డిస్క్ పోయిందట! చూసిందెవరు?

మా వైపు పెళ్ళి సీడీలకి పట్టిన గతి గురించి కొంచెం గట్టిగానే మాట్లాడాలి. పోస్టు పెద్దది, ముందే చెప్పేస్తున్నా.

"డిస్క్ పోయిందండీ." విజయనగరంలో కంప్యూటర్ షాపుల్లో పైసా ఖర్చు లేకుండా దొరికే మాట ఇదొక్కటే. డిస్క్ లోపల పెడతారు, అది కాసేపు గిర్రుమంటుంది, తెర మీద 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' అని పడుతుంది, ట్రే బయటికొస్తుంది. తీర్పు అయిపోయింది. మా పిన్ని పెళ్ళి వీసీడీలకీ (పాత వీడియో సీడీలు) ఇదే తీర్పు ఇచ్చారు. "పోయాయట్రా, పారీమన్నాడు" అంటూ ఆవిడ వాటిని పాత పేపర్ల కట్ట మీద పెట్టేసింది. తిప్పి చూస్తే కింద వైపు ఒక్క గీత లేదు. పైగా "ఇంట్లో లైనక్స్ ఏటండీ, విండోస్ వేయించుకోండి" అని షాపువాడు సలహా కూడా ఇచ్చి పంపాడట. లైనక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్ని నడిపే ఇంకో వ్యవస్థ.

నా కోపం డిస్కులు పాడవుతున్నాయని కాదు. పాడవుతాయి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ చూసిన బీరువాలు మనవి. ఏం పాడైందో చూడకుండానే తీర్పు చెప్పేస్తున్నారు, కోపం అందుకు. చూడ్డానికి పట్టేది అర నిమిషం. లైనక్స్‌లో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి సుడో డీమెసేజ్ (sudo dmesg) అని కొట్టి చివరి నాలుగు లైన్లు చదవాలి. తెర మీద కనిపించే ఎర్రర్ ఒకటే అయినా లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ అక్కడ అసలు కారణం విడిగా రాసి పెడుతుంది. 'మీడియం ఎర్రర్, అన్‌రికవర్డ్ రీడ్ ఎర్రర్' అని ఉంటే అప్పుడు డిస్క్‌ని అనుమానించండి. యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని పదే పదే కనిపిస్తే డిస్క్ పాపం ఏమీ చెయ్యలేదు. చాలావరకు సన్నటి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి కరెంటు చాలట్లేదన్నమాట. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు, డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు డ్రైవ్‌కి అంతకంటే ఎక్కువ కావాల్సి రావచ్చు. హబ్ తీసేసి కంప్యూటర్ వెనక పోర్టుకే పెట్టి చూడండి.

పిన్ని డిస్కుల్లో వచ్చింది వేరే లైను: 'ఇల్లీగల్ మోడ్ ఫర్ దిస్ ట్రాక్'. ఇది తెలియక ఎన్ని వేల పెళ్ళిళ్ళు చెత్తలోకి పోయాయో! మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌కి (డిస్క్ మీద డేటా దాచే చిన్న ముక్క) 2,048 బైట్ల డేటా ఉంటుంది, మిగతా చోటులో తప్పులు దిద్దుకునే అదనపు సమాచారం ఉంటుంది. 1993లో వీసీడీ ప్రమాణం పెట్టినవాళ్ళు వీడియోలో చిన్న తప్పొస్తే కంటికి ఆనదులే అనుకుని ఆ అదనపు దిద్దుబాటు తీసేసి, సెక్టార్‌కి 2,324 బైట్లు నింపారు. అందుకే మామూలు సీడీలో గంటా పావు వీడియో పట్టింది, పెళ్ళంతా రెండు మూడు డిస్కుల్లో సర్దుకుంది. లైనక్స్‌లో ఆ డిస్క్ మౌంట్ చేస్తే, అంటే తెరిస్తే, ఎంపెగ్‌ఏవీ ఫోల్డరూ, దాంట్లో ఏవీసీక్01 (AVSEQ01.DAT) అనే వీడియో ఫైలూ చక్కగా కనిపిస్తాయి. కాపీ చెయ్యబోతే మాత్రం ఎర్రర్. ఫైల్ సిస్టమ్ దాన్ని మామూలు డేటా సెక్టార్లలా అడుగుతుంది, డ్రైవ్ కుదరదంటుంది. అంతే. డిస్క్ నిక్షేపంగా ఉంది.

ఏం చెయ్యాలంటే, ఆ ఫైల్ జోలికే వెళ్ళకండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో మీడియా మెనూలో ఓపెన్ డిస్క్‌కి వెళ్ళి వీసీడీ ఎంచుకుంటే నేరుగా ఆడుతుంది. దాచుకోవాలంటే వీసీడీఇమేజర్ ప్యాకేజీ వేసుకోండి, అందులో వీసీడీఎక్స్‌రిప్ అని ఒకటుంటుంది, ట్రాకులన్నీ ఎంపెగ్ ఫైళ్ళుగా తీసి ఇస్తుంది. పిన్ని పెళ్ళి అలాగే బయటికొచ్చింది. బొమ్మ 352 బై 288, ఇప్పటి టీవీ మీద మొహాలు చెదిరినట్టే ఉంటాయి. అయినా పందిట్లో మా మావయ్య సన్నాయి వాళ్ళతో బేరం ఆడుతున్న ముక్క మాత్రం ఇంటిల్లిపాదీ వెనక్కి తిప్పి తిప్పి చూశారు.

కొన్న సినిమా డీవీడీ ఆడకపోతే అది ఇంకో కథ. కెర్నల్ 'స్క్రాంబుల్డ్ సెక్టార్' అని చెబితే తాళం వేసిన డిస్క్ అని అర్థం. ఆ తాళం తీసే ప్రోగ్రాం లిబ్‌డీవీడీసీఎస్ఎస్ ఉండాలి. ఉబుంటులో (లైనక్స్‌లో ఒక రకం) లిబ్‌డీవీడీ-పీకేజీ వేసి డీపీకేజీ-రీకాన్ఫిగర్ నడపాలి, అది చెయ్యకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. సినిమా డీవీడీలు ఏ దేశాల్లో ఆడాలో రీజియన్ నంబర్లతో విడగొట్టారు, మన రీజియన్ 5. డ్రైవ్‌లో రీజియన్ మార్చుకునే అవకాశం ఐదుసార్లే, ఆటలాడకండి.

ఇక నిజంగానే దెబ్బతిన్న డిస్కులు. లుంగీ చెంగుతో గుండ్రంగా తుడిచే మహానుభావులకి ఒక దండం. ట్రాక్ గుండ్రంగానే తిరుగుతుంది, ఆ దారి వెంబడే గీత పడితే వరసగా డేటా పోయి దిద్దుబాటు చేతులెత్తేస్తుంది. మధ్య నుంచి అంచుకి తుడవండి, మురికైతే మామూలు నీళ్ళతో కడిగినా ఏమీ కాదు. ఇంకో సంగతి, సీడీకి ప్రమాదం కింద వైపు కాదు, పై వైపు. అద్దం పొర అక్కడ పల్చటి లక్క కిందే ఉంటుంది. ఫొటో స్టూడియో అంటించిన కాగితం లేబుల్ పీకితే వెండి రేకులా దాంతోపాటే లేచొస్తుంది, దానికి మందు లేదు.

కింద గీతలున్న డీవీడీలకి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఉంది, డిస్క్ మొత్తాన్నీ ఇమేజ్ అనే ఒక్క ఫైల్‌లోకి తీస్తుంది. ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. ముందు బాగున్న చోట్లన్నీ గబగబా చదివేస్తుంది, మొండికేసిన చోట్లకి తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా చదివిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మళ్ళీ అక్కణ్ణుంచే మొదలెట్టచ్చు. అసలు మజా ఇక్కడుంది: అదే ఇమేజ్, అదే మ్యాప్ ఉంచి రెండో కాపీ డిస్క్ పెడితే, మొదటిదాంట్లో దొరకని సెక్టార్లు మాత్రమే దీంట్లోంచి తెస్తుంది. మన పెళ్ళిళ్ళలో అమ్మాయి వాళ్ళకో సెట్టు, అబ్బాయి వాళ్ళకో సెట్టు ఇస్తారు కదా! రెండూ ఒకే మాస్టర్ నుంచి రాసినవైతే చాలు. వియ్యంకుడికి ఫోన్ చెయ్యండి, మొహమాటపడకండి.

ఇదంతా అడిగితే లైనక్స్ మిత్రులు కొందరి జవాబు ఇంకా దారుణం. "ఈ రోజుల్లో సీడీలు ఎవడు వాడుతున్నాడు బ్రో?" వాడట్లేదు బాబూ, దాంట్లోంచి బయటికి తీద్దామనే గోల. సిరిమాను రోజు ఎవరో తీసిన వీడియో, ఊరి తప్పెటగుళ్ళ వీసీడీ, మా తాతగారి షష్టిపూర్తి, ఇవి ఏ యాప్‌లో దొరుకుతాయో చెప్పండి, నేనూ డబ్బులు కట్టి చూస్తాను.

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఉండి 'పోయింది' అనిపించుకున్న డిస్కులు ఎవరి దగ్గరైనా ఉంటే, పారేసే ముందు డీమెసేజ్ చివరి లైన్లు కామెంట్లో పెట్టండి, చూసి చెబుతాను. పని చేసే పాత డీవీడీ రైటర్ నా దగ్గరుంది. పెన్‌డ్రైవ్ మాత్రం మీదే తెచ్చుకోవాలి, మా పిన్ని తీసుకెళ్ళింది ఇంకా తిరిగి ఇవ్వలేదు.