చిల్లుల్లేని స్టాంపు, చెల్లని ఆశలు

ఫోన్లలో ఒక సందేశం మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. పాత స్టాంపు అంచుకు చిల్లులు లేకపోయినా, మూలల్లో అక్షరాలున్నా, రంగు తేడాగా కనిపించినా అది అరుదైన రకమట, కోట్లు పలుకుతుందట. వాటర్‌మార్క్, అంటే కాగితాన్ని వెలుతురుకు ఎత్తితే లోపల కనిపించే గుర్తు, లేకపోతే మాత్రం నకిలీయేనట. కవరు మీద ఉంటే నీళ్ళలో నానబెట్టి తీసి దాచుకోమని చివర్లో ఒక ఉచిత సలహా. పక్కన పెన్నీ బ్లాక్ బొమ్మ. నమ్మి ఆశపడేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు చిల్లులు. 1840 మేలో బ్రిటన్‌లో వచ్చిన మొదటి స్టాంపు పెన్నీ బ్లాక్. దానికి చిల్లులే లేవు, షీటులోంచి కత్తెరతో కత్తిరించుకోవాల్సిందే. అక్కడ చిల్లులు వేయడం మామూలైంది 1854 నుంచి. అదే ఏడాది కలకత్తాలో అచ్చయిన అర్ధణా, అణా స్టాంపులకూ అవి లేవు. ఆనాటి పద్ధతే అది, లోపం కాదు. అసలు తలనొప్పి వేరే ఉంది. చిల్లులున్న స్టాంపు అంచులు కోసేసి, పాతదని అంటగట్టేవాళ్ళున్నారు. పెన్నీ బ్లాక్ తర్వాత వచ్చిన ఎర్ర స్టాంపు పెన్నీ రెడ్ విషయంలో ఒక గుర్తు పనికొస్తుంది. మొదట్లో దానికి కింది రెండు మూలల్లోనే అక్షరాలు, పై మూలల్లో నక్షత్రం లాంటి అలంకారం ఉండేవి. 1864 నుంచి నాలుగు మూలల్లోనూ అక్షరాలు వచ్చాయి, అప్పటికి చిల్లులు మామూలైపోయాయి. నాలుగు అక్షరాలుండి, చిల్లులు లేకుండా, అంచు మరీ సన్నగా ఉంటే ముందు కత్తెరనే అనుమానించాలి.

ఆ అక్షరాలు రహస్య కోడ్ అనీ, రెండూ 'ఎ' అయితే అదృష్టమనీ అంటున్నారు. నిజానికి అవి షీటులో స్టాంపు ఎక్కడుందో చెప్పే చిరునామా. షీటుకు 20 వరసలు, వరసకు 12 స్టాంపులు, మొత్తం 240. ఆ రోజుల్లో పౌనుకు 240 పెన్నీలు కాబట్టి షీటు విలువ సరిగ్గా ఒక పౌను. పెన్నీ బ్లాక్‌లో ఎడమ అక్షరం వరసను, కుడి అక్షరం వరసలో స్థానాన్ని చెబుతాయి. ఎ-ఎ ప్రతి షీటులోనూ ఒకసారి వస్తుంది, టి-ఎల్ కూడా అంతే. ఫోర్జరీకి అడ్డుకట్టగా పెట్టిన ఏర్పాటు ఇది. తమాషా ఏమిటంటే, సందేశం చెప్పని చోటే వీటికి నిజమైన విలువ ఉంది. షీటును అచ్చువేసే లోహపు ప్లేటు మీద అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో కొట్టేవారు. అందుకే అదే అక్షరం ఒక ప్లేటులో గడి మధ్యలో ఉంటే, ఇంకో ప్లేటులో గీతకు ఆనుకుని ఉంటుంది. ఏ స్టాంపు ఏ ప్లేటుదో భూతద్దం పట్టుకుని తేల్చేది ఈ తేడాలతోనే. పెన్నీ బ్లాక్ 6 కోట్ల 80 లక్షలకు పైగా అచ్చయింది, మొదటిదైనంత మాత్రాన అరుదైపోదు. అందులో 11వ ప్లేటుది అయితే మాత్రం అరుదే.

ప్లేటు అనగానే కొందరు 77 అంకె చూపిస్తారు. ఇందులో కొంత నిజముంది. 1864 తర్వాతి పెన్నీ రెడ్ పక్క అంచుల అల్లికలో ప్లేటు నంబరు సన్నగా ఉంటుంది. 77వ ప్లేటు బాగా రాలేదని పక్కన పెట్టేశారు, దాని స్టాంపులు ఏవో కొన్నే బయటపడ్డాయి. అయితే 177వ ప్లేటువి బోలెడు. ముద్ర సిరా మొదటి ఒకటిని కప్పేసినా, ఎవరైనా దాన్ని గీకేసినా మిగిలేది 77. రెండు వైపులా నంబరు చదవకుండా ఎగిరి గంతేయొద్దు.

ఇక రంగు. ఎండకు, తేమకు, రసాయనాలకు పాత సిరా మారిపోతుంది. అచ్చయ్యాక వచ్చిన మార్పు రకం కాదు, పాడవడం. నిజమైన రంగు పొరపాటుకు అచ్చులోనే కారణం కనిపించాలి. దక్షిణాఫ్రికాలోని కేప్ ఆఫ్ గుడ్ హోప్ 1861 ముక్కోణపు స్టాంపుల్లో ఒక పెన్నీ అచ్చు దిమ్మ నాలుగు పెన్నీల వాటిలో, నాలుగు పెన్నీలది ఒక పెన్నీ వాటిలో కలిసిపోయింది. దాంతో ఎరుపు రావాల్సిన ఒక పెన్నీ నీలంగా, నీలం రావాల్సిన నాలుగు పెన్నీలది ఎరుపుగా అచ్చయ్యాయి. పొరపాటంటే అదీ.

వాటర్‌మార్క్ లేకపోతే నకిలీ అన్నది మరీ తొందరపాటు. 1854 నాటి మన అర్ధణా కాగితంలో ఈస్ట్ ఇండియా కంపెనీ చిహ్నం షీటంతా పరుచుకుని ఉంటుంది. ఒక స్టాంపుకు అందులో రెండు గీతలు పడొచ్చు, ఇంకోదానికి ఏమీ పడకపోవచ్చు.

అన్నిటికన్నా నష్టం చేసేది ఆ నీళ్ళ సలహా. కవరు మీదున్న ముద్రలు, తేదీ, ఊరి పేరు స్టాంపును నిర్ధారించే సాక్ష్యం. పెన్నీ బ్లాక్ మీద ఎర్ర మాల్టీస్ క్రాస్, అంటే స్టాంపును రద్దు చేసే శిలువ ఆకారపు ముద్ర, సాధారణంగా తొలి నెలలది. ఆ ఎరుపును చెరిపి స్టాంపును మళ్ళీ వాడతారన్న భయంతోనే 1841లో స్టాంపును ఎర్రగా, ముద్రను నల్లగా మార్చారు. అలాంటి కవరు మీ దగ్గరుంటే స్టాంపును ఊడదీయకండి, కవరును మడవకుండా అలాగే ఉంచి తెలిసినవాళ్ళకు చూపించండి.