ఉభయకుశలోపరి దాటని సోమవారం మెయిల్‌కు

చిరంజీవి సోమవారం మెయిల్‌కు,

బెంగళూరు రామమూర్తి నగర్ నుంచి అక్క ఆశీర్వదించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఫిలిప్పీన్స్‌లో మిషనరీగా ఉన్న మా తమ్ముడు వారం వారం ఇంటికి పంపే మెయిల్‌వి కదా, నువ్వు క్షేమమేనా అని అడగను. ఆ ఒక్క ముక్క తప్ప నువ్వు మాకు ఏనాడూ ఇంకేం చెప్పలేదు.

మా తాతయ్య నెల్లూరు నుంచి నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్లు రాసేవాడు. మొదటి మాట ‘ఉభయకుశలోపరి’. ఆ తర్వాత అసలు కథ మొదలయ్యేది. గేదె ఈనింది, దూడ దక్కలేదు, వరండా కారుతోంది, మీ పెదనాన్నకీ నాకూ మాటల్లేవు, వచ్చేటప్పుడు కాఫీ పొడి తెండి. చోటు చాలక మడతపెట్టే అంచు మీద కూడా ఏదో ఒకటి ఇరికించేవాడు. నీకు చోటుకి కరువు లేదు. అయినా కుశలం దగ్గరే ఆగిపోతావు. ‘ఉపరి’ ఎప్పటికీ రాదు.

పోయిన వారం సంగతే చూడు. నేను ఆఫీసులో పొద్దుటి మీటింగ్‌లో ఉండగా వచ్చావు. ఫిలిప్పీన్స్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. సోమవారం పి-డే, అంటే మిషనరీలు సొంత పనులు చక్కబెట్టుకునే రోజు కాబట్టి మా తమ్ముడు బట్టలుతుక్కుని, సరుకులు కొనుక్కుని నిన్ను పంపేసరికి ఇక్కడ నాకు తిన్న ఇడ్లీ కూడా అరగదు. బల్ల కింద ఫోన్ పెట్టుకుని చదివాను. “ఈ వారం అద్భుతం!!! ట్రాన్స్‌ఫర్ వచ్చింది. కొత్త కంపానియన్. చాలా మంచివాడు. చాలా నేర్చుకుంటున్నాం. కొంచెం ఎండగా ఉంది. లవ్ యూ ఆల్.” కింద నాలుగు ఫొటోలు, నాలుగింటిలోనూ బొటనవేలు పైకి. ఏడు రోజులకు ఏడు వాక్యాలు. రేషన్ షాపులో కూడా ఇంత కచ్చితంగా తూచరు.

ఇంతే సమాచారంతో నేను ఊరందరికీ జవాబు చెప్పాలి. తమ్ముడు ఫిలిప్పీన్స్‌లో ఉన్నాడంటే చాలు, మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లంతా “ఎంబీబీఎస్ కదూ?” అంటారు. కాదండీ, మిషనరీగా వెళ్లాడంటే “అది ఏ కాలేజీ?” అని అడిగింది మూడో అంతస్తు ఆంటీ. వివరంగా చెప్పాను. మాది కడవరి దిన పరిశుద్ధుల సంఘం, జనం మార్మన్లంటారు. మగపిల్లలు రెండేళ్లు, ఆడపిల్లలు పద్దెనిమిది నెలలు వెళ్తారు. 2012 దాకా మగపిల్లలకు 19 నిండాలి, ఇప్పుడు 18 నిండితే చాలు. జీతం ఉండదు, మధ్యలో ఇంటికి రావడం ఉండదు, పైగా మనమే డబ్బు దాచుకుని వెళ్లాలి. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. జీతం లేకుండా సొంత డబ్బు పెట్టి పనిచేసే కుర్రాళ్లు ఈ ఊళ్లో వీధికి పదిమంది. వాళ్లని స్టార్టప్ ఫౌండర్లంటారు.

అమ్మమ్మ పేచీ వేరు. ఆమె నెల్లూరు బాప్టిస్టు. మా సంఘంలో మగ మిషనరీలను ‘ఎల్డర్’, అంటే పెద్ద, అంటారు. పందొమ్మిదేళ్లవాడి జేబు మీద ఆ పేరుతో నల్ల బిళ్ల ఏమిటని ఇప్పటికీ గొణుగుతుంది. ఆమె లెక్కలో సంఘ పెద్ద అంటే మీసం నెరిసి ఉండాలి, కనీసం అల్లుడైనా ఉండాలి.

అసలు నేను ఉత్తరం రాయడానికి కూర్చున్నది నీలోని నాలుగో వాక్యం గురించి. ‘చాలా మంచివాడు.’ పెళ్లి సంబంధం తెచ్చేవాళ్లు కూడా ఇంతకన్నా ఎక్కువ చెప్తారు.

ఎందుకంటే ఈ కంపానియన్, అంటే జంటగా సేవ చేసే తోటి మిషనరీ, మామూలు రూమ్మేట్ కాదు. పొద్దున ఆరున్నరకు లేవడం నుంచి రాత్రి పదిన్నరకు పడుకోవడం దాకా, బాత్రూమ్‌లో తప్ప, ఒకరి కంటికి ఒకరు కనపడుతూనే ఉండాలి. జోడీని ఎంచుకునేది వీళ్లు కాదు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ వస్తుంది, మళ్లీ కొత్త మొహం రావచ్చు. ఆలోచించు, ఇది పెద్దలు కుదిర్చిన సంబంధమే, కాకపోతే నలభై రెండు రోజుల గ్యారంటీతో. మా తమ్ముడు ఎవడనుకున్నావు? ఒకే చార్జర్ దగ్గర నాతో పదకొండేళ్లు యుద్ధం చేసినవాడు. ఫ్యాన్ ఐదు మీద ఉండాలి, తలుపు మూసి ఉండాలి, పక్కన ఎవరైనా చప్పుడు చేస్తూ నమిలితే లేచి వేరే గదిలోకి పోవాలి. అలాంటివాడికి అమెరికాలో ఐడహో నుంచి వచ్చిన కుర్రాడిని కట్టబెట్టారు. ఆ మాట కూడా నువ్వు చెప్పలేదు. ఫొటోలో టీషర్టు మీది అక్షరాలు పెద్దవి చేసి మేమే చదువుకున్నాం. ఐడహో ఆలుగడ్డలకు పేరని గూగుల్‌లో చూసి అమ్మ కాస్త కుదుటపడింది. “అయితే వేపుడు తింటాళ్లే.”

వాళ్లకి వారానికోసారి ‘కంపానియన్‌షిప్ ఇన్వెంటరీ’ అని ఒకటుంటుంది. వారం ప్లానింగ్ అయ్యాక ఎదురెదురుగా కూర్చుని, నీలో నాకు నచ్చింది ఇది, ఇబ్బంది పెట్టేది ఇది అని చెప్పుకుని సర్దుకోవాలి. కిరాణా కొట్లో సరుకు లెక్క చూసుకున్నట్టు. మంచి ఏర్పాటే, మా ఆఫీసులో దీన్ని ఏడాదికోసారి పెట్టి అప్రైజల్ అంటారు. మరి అంత పద్ధతిగా సరుకు లెక్క తీసినప్పుడు ఆ చిట్టాలో ఒక్క ఐటమ్ నీ దాకా రాదేం?

ఇద్దరిద్దరిగా పంపడం బైబిల్లోనే ఉంది కదా అంటావు. ఉంది, మార్కు సువార్త ఆరో అధ్యాయం. కానీ అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయం కూడా అదే పుస్తకంలో ఉంది. మార్కును వెంట తీసుకెళ్లాలా వద్దా అని పౌలుకూ బర్నబాకూ గట్టి గొడవై, బర్నబా మార్కుతో కుప్ర దీవికి, పౌలు సీలను వెంటబెట్టుకుని సిరియాకు వెళ్లిపోయారు. ఆ సంగతి రాసిన లూకా అది దాచలేదు. ‘బర్నబా చాలా మంచివాడు, చాలా నేర్చుకుంటున్నాం’ అని రాసి బొటనవేలు ఎత్తలేదు. పౌలు తిమోతికి రాసినదైనా చదువు. త్రోయలో వదిలేసిన అంగీ తెమ్మంటాడు, దేమా నన్ను వదిలి వెళ్లిపోయాడంటాడు, త్రోఫిముకు ఒంట్లో బాగాలేక మిలేతులో ఉంచి వచ్చానంటాడు. అంతకుముందు ఉత్తరంలో కడుపు జబ్బుకి మందు కూడా చెప్పాడు. చెరసాల్లో ఉన్న మనిషికి అంగీ సంగతి రాయాలనిపించింది. వైఫై ఉన్న మనిషికి తువ్వాలు ఆరిందో లేదో రాయడం బరువైపోయింది.

అమ్మమ్మ ఇంకో సాక్ష్యం తెస్తుంది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీగా ఉన్న క్లౌ దొరగారు 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వించే పని ఒప్పుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించడం, 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం ఆమె నోటికి చెప్తుంది. ఎవరో ఒకరు కూర్చుని రాయబట్టే అదంతా ఆమె దాకా వచ్చింది. ఆనాడు వాళ్లు కూడా ‘కొంచెం ఎండగా ఉంది’ అని రాసి ఊరుకుని ఉంటే?

ఫోన్ ఉంది కదా, అంటావు. ఉంది. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం ఇంటికి మాట్లాడనిస్తున్నారు. అంతకుముందు క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ మాత్రమే. కానీ ఫోన్‌లో కంపానియన్ పక్కనే ఉంటాడాయె. తెలుగులో చెప్పరా, వాడికేం అర్థమవుతుంది అన్నాను. అప్పుడు కొంచెం నోరు విప్పాడు. వీడు రాత్రి నిద్రలో పాడతాడక్కా, వీడు అన్నంలో కెచప్ వేసుకుంటాడక్కా, జీప్నీలో, అదే ఇక్కడి షేర్ ఆటో లాంటి బండిలో, డబ్బులు చేతులు మార్చి డ్రైవర్‌కి పంపాలంటే వీడు కిందికి దిగి వెళ్లి ఇచ్చొచ్చాడక్కా. పది నిమిషాలు ఇదే వరస. ఉన్నట్టుండి పక్కనుంచి ఒక ఎర్రటి మొహం తెరలోకి వచ్చి, చెయ్యి ఊపి, “నమస్తే అక్కా, ఐ యామ్ వీడు” అంది. మా వాడు వాడికి పెట్టిన తెలుగు పేరు అదేననుకున్నాడట పాపం.

ఇప్పుడు అసలు దెబ్బ విను. ఆదివారం మా ఇంటికి ఇక్కడ సేవ చేస్తున్న ఎల్డర్లు ఇద్దరు భోజనానికి వచ్చారు. ఈ ఊళ్లో మిషన్ 1993 నుంచి ఉంది కాబట్టి తెల్లచొక్కాల జంటలు మాకు కొత్త కాదు. వాళ్లు కనపడితే అమ్మ వదలదు. తాను ఇక్కడ ఎవరి పిల్లాడికో పెడితే అక్కడ ఎవరో తన పిల్లాడికి పెడతారని ఆమె లెక్క. ఆ రోజు పొద్దున్నుంచీ నిలబడి గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, రొయ్యల వేపుడు చేసింది. కాకినాడ కుర్రాడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. తిన్నాక అమ్మ మెల్లగా అడిగింది, పోయిన నెల కూడా వచ్చారు కదా బాబూ, మీ అమ్మకి ఏం రాశావు? వాడు సిగ్గుపడుతూ ఫోన్ తీసి చూపించాడు. “సభ్యులు చాలా మంచివాళ్లు. అద్భుతమైన వారం!!!”

అమ్మ రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఆమె నాలుగు గంటల చాకిరీ ఎక్కడో కాకినాడలో ఒక తల్లి దగ్గరికి మూడు ఆశ్చర్యార్థకాలై చేరింది. తర్వాత ఆ అబ్బాయిని మజ్జిగ తాగనివ్వకుండా అక్కడే కూర్చోబెట్టి, “రాయి. గుత్తివంకాయ. నువ్వుల పొడి వేశారని కూడా రాయి” అని డిక్టేషన్ ఇచ్చింది.

ఇంతవరకు ఆదివారం రాత్రే రాశాను. పొద్దున పంపుదామనుకుంటుండగా నువ్వు మళ్లీ ఊడిపడ్డావు. అవే ఏడు వాక్యాలు, అదే ఎండ. మూసేయబోతూ కిందికి జరిపితే ఇంగ్లీషు అక్షరాల్లో, మా వాడు రాసింది కాదని తెలిసిపోయే తెలుగు కొంచెం ఉంది. “అక్కా, వీడు హియర్. ఇక్కడ అందరూ కుమాయిన్ కా నా అంటారు, అంటే తిన్నావా అని. మీ తమ్ముడు తినలేదు, మూడు రోజులు జ్వరం. ఇప్పుడు ఓకే. ఆవకాయ అయిపోయింది, సగం నేనే.”

అమ్మ జ్వరం మాట దగ్గర కూర్చుండిపోయింది, ఆవకాయ మాట దగ్గర లేచింది. ఇప్పుడు వంటింట్లో సీసాలు కడుగుతూ, పార్సిల్‌లో రెండు పెట్టమంటోంది. ఒకదాని మీద ఎల్డర్ అని మా ఇంటిపేరు, రెండోదాని మీద ‘వీడు’ అని రాయాలట.

ఇట్లు,
అక్క