పాట వినేది చెవా, మెదడా?

(ప్రశ్న ఇది: సంగీతం బయట ఉండి చెవి ద్వారా మనకు చేరుతుందా, లేక మెదడే దాన్ని తయారు చేసుకుంటుందా? అక్క ఆడియాలజిస్టు. వినికిడి పరీక్షలు, కాక్లియర్ ఇంప్లాంట్లు (వినికిడి పోయినవాళ్లకు లోపలి చెవిలో అమర్చే పరికరాలు) ఆమె రోజువారీ పని. తమ్ముడు మెదడు శబ్దాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో పరిశోధిస్తాడు. సభ ముందు ఎదురెదురుగా కూర్చున్నారు. తమ్ముడే మొదలుపెట్టాడు.)

తమ్ముడు: అక్కా, నా పక్షం ముందే చెప్పేస్తాను. గాలిలో సంగీతం లేదు. గాలిలో ఉన్నది ఒత్తిడిలో హెచ్చుతగ్గులే. స్వరం, లయ, వింటుంటే ఒళ్లు జలదరించడం అన్నీ మెదడు పనే. రుజువు కావాలంటే ఫోను చాలు. మామూలు టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. మగవాళ్ల గొంతుకు ఆధారమైన స్వరం 100, 120 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే అది లైనులోకి ఎక్కనే ఎక్కదు. అయినా అవతల నాన్న మాట్లాడితే ఆయన మంద్రమైన గొంతే వినిపిస్తుంది కదా. ఆ లేని స్వరం ఎక్కణ్ణుంచి వచ్చింది?

అక్క: లేనిది ఎక్కణ్ణుంచీ రాలేదురా, ఉన్నదాన్నుంచే తేలింది. ఆధార స్వరం 100 అయితే దాని అనుస్వరాలు, అంటే దానికి మూడింతలు, నాలుగింతలు, ఐదింతలు ఉండే 300, 400, 500 లైనులో వస్తూనే ఉంటాయి. అవన్నీ కలిసిన అల సెకనుకు 100 సార్లు అదే ఆకారంలో తిరిగి తిరిగి వస్తుంది. శ్రవణనాడి ఆ వేగానికి తగ్గట్టే స్పందిస్తుంది. సమాచారం చెవి దగ్గరే సిద్ధంగా ఉంది, మెదడు అందుకుంది.

తమ్ముడు: దానికి 1972లోనే జవాబు దొరికింది. హౌట్స్మా, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు ఒక అనుస్వరాన్ని ఎడమ చెవికి, దాని పక్కదాన్ని కుడి చెవికి విడివిడిగా పంపారు. ఏ చెవిలోనూ రెండూ కలవలేదు. నువ్వు చెప్పిన ఆ తిరిగొచ్చే ఆకారం ఏ చెవిలోనూ లేదు. అయినా విన్నవాళ్లు లేని ఆధార స్వరాన్ని పట్టుకోగలిగారు. రెండు చెవుల నుంచి వచ్చింది కలిసేది చెవి దాటిన తర్వాతే కదా!

అక్క: ఆ ప్రయోగం నీ ఖాతాలోనే వేసుకో, నేను కాదనను. కానీ కలిపేది మెదడు అనడం వేరు, సొంతంగా కల్పించేది మెదడు అనడం వేరు. నువ్వు మొదటిది చూపించి రెండోది గెలిచానంటున్నావు.

తమ్ముడు: అయితే కల్పనకే వస్తాను. 1970లో రిచర్డ్ వారెన్ ఒక వాక్యం రికార్డు చేసి, ఒక మాట మధ్యలో ఉన్న శబ్దాన్ని కత్తిరించేసి, ఆ చోట దగ్గు అతికించాడు. విన్నవాళ్లకు మాట ఎక్కడా తెగినట్టు తెలియలేదు. దగ్గు వినిపించింది గానీ, అది ఏ అక్షరం మీద పడిందో సరిగ్గా చెప్పలేకపోయారు. టేపు మీద లేని శబ్దాన్ని వాళ్లు విన్నారు. ఊహించుకుంటున్నామన్న అనుమానం కూడా వాళ్లకు కలగలేదు. ఇంతకంటే ఏం కావాలి?

అక్క: అదే ప్రయోగంలో మిగతా సగం కావాలి. దగ్గు పెట్టకుండా ఆ చోటును నిశ్శబ్దంగా వదిలేసినప్పుడు ఏమైంది? మాట తెగిందని వెంటనే తెలిసిపోయింది, ఎక్కడ తెగిందో కూడా చెప్పగలిగారు. మెదడు తన ఇష్టం వచ్చినట్టు పూరించేదే అయితే ఆ ఖాళీని ఎందుకు పూరించలేదు? అక్కడ ఏమీ లేదని చెవి తేల్చి చెప్పింది కాబట్టి. దగ్గు ఉన్నప్పుడు సంగతి వేరు. అంత పెద్ద చప్పుడు చాటున ఆ అక్షరం ఉండే ఉండొచ్చు, చెవి అవునని అనదు, కాదనీ అనదు. చెవి సాక్ష్యం అడ్డం రానంతవరకే మెదడు ఊహ సాగుతుంది. నా పక్షం మొత్తం ఇదే.

(సభ రాసుకుంటున్న నాకు ఇక్కడ అక్కదే పైచేయి అనిపించింది. దగ్గు కథ అందరూ చెబుతారు. నిశ్శబ్దం కథ చెప్పేవాళ్లు తక్కువ, అసలు బలమంతా దానిలోనే ఉంది.)

తమ్ముడు: సాక్ష్యం మారకుండా తీర్పు మారిన సందర్భాలు చూపిస్తాను. 1981లో రాబర్ట్ రెమెజ్ బృందం ఒక వాక్యం తీసుకొని, అందులోని మూడు ముఖ్యమైన పౌనఃపున్యాల కదలికను మూడు ఈలలుగా మార్చింది. గొంతు అన్నదే లేదు. ఏమీ చెప్పకుండా వినిపిస్తే ఏవో ఈలలు, వింత చప్పుళ్లు అన్నారు చాలామంది. ఇది మాట అని చెప్పి అదే వినిపిస్తే వాక్యం పట్టుకోగలిగారు. ఇక డయానా డాయిచ్ 1995లో గమనించినదైతే నేరుగా సంగీతానికే సంబంధించింది. ఆమె సీడీ కోసం రికార్డు చేసిన తన వ్యాఖ్యానం సరిచూసుకుంటూ ఒక చిన్న ముక్కను పదే పదే తిరిగేలా వదిలేసింది. కాసేపటికి ఆ మాటలు పాటగా వినిపించడం మొదలైంది. శబ్దంలో ఒక్క బిందువు కూడా మారలేదు. మామూలు మాటను పాట చేసింది ఎవరు?

అక్క: రెండూ అందమైనవే, ఒప్పుకుంటాను. కానీ ఏ వాక్యమైనా పాట అవుతుందా? కాదు. అక్షరం అక్షరానికీ స్వరం నిలకడగా ఉన్న ముక్కలే బాగా పాటలవుతాయి, గొంతు జారిపోతూ ఉండేవి అంతగా కావు. పాట కాగల గుణం ఆ శబ్దంలో ముందే ఉంది. ఈలల సంగతీ అంతే. వాటిని నిజమైన వాక్యం నుంచి తీశారు కాబట్టి వాక్యం వినిపించింది. నోటికొచ్చిన ఈల ఊది, ఇది మాట అని ఎంత నమ్మబలికినా ఎవరికీ మాట వినిపించదు.

తమ్ముడు: పెదాల సంగతి? 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చూపించారు కదా. చెవికి ‘బ’ వినిపిస్తూ, తెర మీద ‘గ’ పలికే పెదాలు చూపిస్తే చాలామందికి ‘డ’ వినిపిస్తుంది.

అక్క: కళ్లు మూసుకోమను, ‘బ’ తిరిగొస్తుంది. కన్ను కలగజేసుకుందని అది చెబుతుంది, చెవి చెప్పలేదని కాదు. ఈ మాటల ప్రయోగాలు చాలు, సంగీతంలోకి వద్దాం. 440 హెర్ట్జ్ స్వరం, 442 హెర్ట్జ్ స్వరం కలిపి మోగించు. శబ్దం సెకనుకు రెండుసార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. శ్రుతి చేసేవాళ్లంతా దీన్ని విని, అది ఆగేదాకా సరిచేస్తారు. తేడా ఇంకాస్త పెంచు, 20, 30 హెర్ట్జ్ దగ్గర ఆ ఊగడం కాస్తా గరగరగా మారిపోతుంది. కారణం లోపలి చెవిలో ఉంది. అక్కడ కాక్లియా అనే చుట్ట ఉంటుంది, దానిలోని పొర మీద ఒక్కో స్వరానికి ఒక్కో చోటు, మొదట్లో హెచ్చు స్వరాలు, చివర్లో మంద్ర స్వరాలు. ఆ పొర మీద అల ప్రయాణించే తీరును కనిపెట్టినందుకే బెకెషీకి 1961లో నోబెల్ ఇచ్చారు. దగ్గర దగ్గర స్వరాలు ఒకే చోట పడి ఒకదాన్నొకటి కుదిపేస్తాయి. షడ్జమం, పంచమం 2కి 3 నిష్పత్తిలో ఉంటాయి, వాటి అనుస్వరాలు చాలావరకు కలిసిపోతాయి లేదా దూరంగా ఉండిపోతాయి. గరగర ఉండదు. అపస్వరం ఎందుకు గుచ్చుకుంటుందో హెల్మ్‌హోల్ట్జ్ 1863లోనే ఈ దారిలో వివరించాడు. ఇందులో మెదడు అభిప్రాయం ఏముంది?

తమ్ముడు: చాలా ఉంది. బొలీవియా అడవుల్లో త్సిమానే అనే జనం ఉన్నారు. వాళ్ల సంగీతంలో ఇద్దరు వేర్వేరు స్వరాలు కలిపి పాడడం లేదు. 2016లో జాష్ మెక్‌డెర్మాట్ బృందం వాళ్లకు ఇంపైనవని మనం అనుకునే స్వరాల జంటలు, కర్ణకఠోరం అనుకునేవి రెండూ వినిపించింది. రెండూ ఒకేలా బాగున్నాయన్నారు. నువ్వు చెప్పిన నిష్పత్తులన్నీ వాళ్ల చెవుల్లోనూ ఉన్నాయి. మరి ఆ ఇంపు ఏమైంది?

అక్క: అదే అధ్యయనంలో గరగరలాడే శబ్దాలు కూడా వినిపించారు. వాటిని త్సిమానేలు మిగతా అందరిలాగే ఇష్టపడలేదు. చెవి చేసే పని అక్కడా చెక్కుచెదరలేదు.

తమ్ముడు: చెక్కుచెదరలేదు, కానీ సరిపోలేదు కూడా. గరగర వద్దనడం చెవి నేర్పింది. ఈ రెండు స్వరాలు కలిస్తే ఇంటికి వచ్చినట్టుంటుంది అన్న తృప్తి మాత్రం వినీ వినీ మెదడు నేర్చుకున్నది. సంగీతం అంటే నాకు ఆ తృప్తే, గరగర లేకపోవడం కాదు.

అక్క: (కాసేపు ఆగి) ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. ఇంపు నీది, గరగర నాది.

తమ్ముడు: ఇంకొక్కటి కూడా నాకే రావాలి. కొందరికి పుట్టుకతోనే రాగం పట్టుబడదు, ఎమ్యూజియా అంటారు. నీ దగ్గరికి వస్తే వినికిడి పరీక్షలో ఏ లోపమూ కనిపించదు. మాటలు బాగానే అర్థమవుతాయి. కానీ బాగా తెలిసిన పాటను కూడా మాటలు తీసేసి వరస ఒక్కటే వినిపిస్తే గుర్తుపట్టలేరు, పక్కన ఎవరైనా అపస్వరం పాడినా తేడా తెలియదు. చెవి నూటికి నూరుపాళ్లు బాగుండి సంగీతం లేకపోవడం అంటే ఇదే. లయ తీసుకో. 2009లో ఇష్ట్వాన్ వింక్లర్ బృందం పుట్టి రెండు మూడు రోజులైన పసికందులకు నిద్రలో తాళం వినిపించి, మధ్య మధ్య అసలు దెబ్బ పడాల్సిన చోట వదిలేసింది. ఆ లోటుకు పిల్లల మెదడు స్పందించింది. దెబ్బ పడలేదు, చెవికి అందింది ఏమీ లేదు. రావాల్సింది రాలేదన్నది మెదడు లెక్క.

అక్క: ఎమ్యూజియా ఉన్నవాళ్లను నేను చూశాను. నా యంత్రం వాళ్లలో ఏ తప్పూ చూపించలేదు, నిజమే. సరే, ఇప్పుడు నేను రోజూ చూసేది విను. కాక్లియర్ ఇంప్లాంట్. ఆరోగ్యమైన లోపలి చెవిలో దాదాపు 3,500 లోపలి రోమకణాలుంటాయి, శబ్దాన్ని నాడికి అందించేది ముఖ్యంగా అవే. అవి పోయినవాళ్లకు మేం పెట్టేది మహా అయితే 22 ఎలక్ట్రోడ్లున్న సన్నని తీగ. అందులోనూ కరెంటు ద్రవంలో పక్కలకు పాకుతుంది కాబట్టి పక్కపక్క ఎలక్ట్రోడ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అంత తక్కువతోనే ఎంతోమంది ఫోనులో కూడా మాట్లాడగలుగుతున్నారు.

తమ్ముడు: అది నా వాదనే అక్కా! 1995లో షానన్ బృందం మాటను నాలుగే నాలుగు పౌనఃపున్య పట్టీలుగా కుదించి, వాటిలో గొంతు తీసేసి హోరు నింపింది. కాస్త అలవాటు పడ్డాక వాక్యాలు అర్థమైపోయాయి. ఇంత పేద సమాచారంతో మాట నిలబడింది మెదడు బలం మీదే.

అక్క: మాట నిలబడింది. పాట నిలబడలేదు. నేను చెప్పదలచుకున్నది అక్కడే ఉంది. పెద్దయ్యాక వినికిడి పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లలో, ఒకప్పుడు పాటంటే చెవి కోసుకున్నవాళ్లు ఉంటారు. పాట వాళ్ల మెదడులో చెక్కుచెదరకుండా ఉంది, అక్షరం అక్షరం గుర్తుంది. స్విచ్ ఆన్ చేశాక కొన్ని వారాలకు, నెలలకు మాటలు తేటపడతాయి. ఆశగా పాట పెట్టుకుంటారు. తాళం చక్కగా తెలుస్తుంది. వరస మాత్రం రాదు. ఏ స్వరం పైకి వెళ్లిందో, ఏది కిందికి వచ్చిందో కూడా తెలియనివాళ్లున్నారు. నువ్వు చెప్పిన ఆ మహా కల్పనాశక్తి, లేని ఆధార స్వరాన్ని పుట్టించగల శక్తి, వాళ్లకు ఎందుకు అక్కరకు రాదు? అందించాల్సిన సన్నని వివరం అందడం లేదు కాబట్టి. మెదడే పాట అయితే ఆ మనిషి నా ముందు కూర్చొని కంటతడి పెట్టకూడదు.

(సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు కాగితాలు పక్కన పెట్టేశాడు.)

తమ్ముడు: ఇది నేను తేలిగ్గా తీసుకున్న విషయమే. ఒక్కటి అడుగుతాను. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు అదే 22 ఎలక్ట్రోడ్లు పెడితే?

అక్క: ఎప్పుడు పెట్టావన్నదాన్ని బట్టి ఉంటుంది. సుమారు మూడున్నర ఏళ్లలోపు పెడితే శబ్దానికి మెదడు స్పందించే తీరు చాలామందిలో మామూలు పిల్లల స్థాయికి చేరుకుంటుంది. ఏడేళ్లు దాటాక పెడితే చేరడం చాలా కష్టం. మెదడులో వినికిడికి ఉన్న చోటును అప్పటికే చూపు, స్పర్శ వాడుకోవడం మొదలుపెట్టేస్తాయి. పెద్దయ్యాక తొలిసారి పెట్టించుకుంటే శబ్దం తెలుస్తుంది గానీ, మాట అర్థం కావడం చాలామందికి అందని పని.

తమ్ముడు: అంటే చెవి ఆలస్యమైతే నష్టపోయేది మెదడు. దీని కోసమైనా వాదన పక్కన పెట్టి చెబుతున్నాను, పుట్టిన నెలలోపు పరీక్ష చేయించాలి, మూడు నెలలకల్లా లోపం నిర్ధారించాలి, ఆరు నెలలకల్లా చికిత్స మొదలవ్వాలి. కానీ మీరు చేసే మొదటి పరీక్ష మీద నాకు ఫిర్యాదు ఉంది.

అక్క: ఓఏఈ (ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్) పరీక్ష మీదా? 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టింది అదే కదా. చెవి శబ్దం వినడమే కాదు, తానూ సన్నగా శబ్దం చేస్తుంది. బయటి రోమకణాలు అందిన శబ్దాన్ని పెంచేటప్పుడు పుట్టే ప్రతిధ్వని అది. నిద్రపోతున్న పాప చెవిలో చిన్న ప్రోబ్ పెడితే నిమిషాల్లో తెలిసిపోతుంది.

తమ్ముడు: రోమకణాలు బాగున్నాయని తెలుస్తుంది, అంతే. ఆడిటరీ న్యూరోపతీ ఉన్న బిడ్డకు ఆ ప్రతిధ్వని చక్కగా వస్తుంది. కానీ నాడిలో సంకేతాల సమయం చెదిరిపోయి ఉంటుంది. చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు. మీ పరీక్ష పాస్ అని రాసి ఇంటికి పంపేస్తుంది. తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు, విలువైన నెలలు గడిచిపోతాయి.

అక్క: అందుకే నవజాత శిశువుల ఐసీయూలో ఉండి వచ్చిన బిడ్డలను ఓఏఈ ఒక్కదానితో పంపకూడదు. ఆ లోపం వాళ్లలోనే ఎక్కువ. వాళ్లకు తప్పకుండా బెరా చేయాలి. తల మీద ఎలక్ట్రోడ్లు అతికించి, చెవిలో టిక్ మనిపించి, సంకేతం నాడి గుండా మెదడు కాండం దాకా వేళకు చేరుతోందో లేదో చూసే పరీక్ష. ఇంట్లో పిలిస్తే తిరిగి చూస్తున్నాడు కానీ మాటలు రావడం లేదని ఎవరైనా అంటే, పాత ఓఏఈ కాగితం ఏం చెప్పినా సరే, నేను బెరా రాస్తాను.