రేడియో నోటికి ఇంకా తాళమేనా?

ఒంగోలులోనో ఆదిలాబాద్‌లోనో రేపు ఒక ప్రైవేటు ఎఫ్‌ఎం రేడియో మొదలైందనుకుందాం. ఊళ్లో కరెంటు ఉండదని అది చెప్పవచ్చు. ఎందుకు ఉండదో అడగకూడదు. రెండు రోజులు మంచినీళ్లు రావని ప్రకటించవచ్చు, అదీ స్థానిక అధికారులు ఇచ్చిన సమాచారమైతేనే. పైపులైను పని ఎవరి నిర్వాకం వల్ల ఆగిందో నోరు విప్పితే మాత్రం అది వార్త కిందికి వస్తుంది, వార్త చదివితే లైసెన్సుకే ఎసరు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, పండగ సంబరాలు... ఇవన్నీ కేంద్రం దృష్టిలో వార్తలు కావు కాబట్టి అభ్యంతరం లేదు. ప్రశ్న దగ్గరకు వచ్చేసరికే అభ్యంతరం.

దేశంలో 234 కొత్త పట్టణాలకు 730 ఎఫ్‌ఎం ఛానెళ్లు ఇవ్వాలని 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ జాబితాలో రెండు తెలుగు రాష్ట్రాల పట్టణాలూ ఉన్నాయి. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయని అప్పట్లో ఊదరగొట్టారు. ఊరి సమస్య గురించి మాట్లాడనివ్వని రేడియోలో స్థానికత ఎక్కడి నుంచి వస్తుంది? రెండు సినిమా పాటల మధ్య ఒక జోకు చెబితే వచ్చేస్తుందా? ప్రైవేటు ఎఫ్‌ఎంలకు గంటలో పది నిమిషాలైనా వార్తలకు అనుమతి ఇవ్వండని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులోనే సిఫారసు చేసింది. పది నిమిషాలు! అంతమాత్రం ఇవ్వడానికీ ఢిల్లీకి మనసు రావడం లేదు.

మాటే ప్రాణంగా నడిచే జాతీయ రేడియో ఎలా ఉంటుందో చూడాలంటే బ్రిటన్‌లోని బీబీసీ రేడియో 4ను ఒక రోజంతా వినాలి. తెల్లవారుజామున సముద్రంలో ఉన్న ఓడలకు వాతావరణ సూచనలు చదువుతారు. తర్వాత పొలం కబుర్లు. ఆరు గంటలకు ‘టుడే’ మొదలవుతుంది. 1957 నుంచి వస్తున్న కార్యక్రమమిది. అందులో మైకు ముందు కూర్చున్న మంత్రికి చెమటలు పట్టడం అక్కడ రోజూ ఉండేదే. ఆపైన 1946 నాటి ‘ఉమన్స్ అవర్’, సైన్సు, చరిత్ర, నాటకం, పుస్తక పఠనం, హాస్యం. సాయంత్రం ‘ది ఆర్చర్స్’ అనే ధారావాహిక. యుద్ధానంతరం తిండిగింజల కొరత ఉన్న రోజుల్లో రైతులకు కొత్త సాగు పద్ధతులు కథలో కలిపి చెప్పాలని మొదలుపెట్టారు, 1951 నుంచి దేశమంతా వింటోంది. రాత్రి పార్లమెంటులో ఆ రోజు ఎవరేమన్నారో చెబుతారు, అర్ధరాత్రి దాటాక మళ్లీ ఓడల వాతావరణం. పాటలు దాదాపు ఉండవు. వినేవాళ్లు మాత్రం లక్షల్లో ఉన్నారు.

ఇది మనకు రాని విద్యేమీ కాదు. రైతులకు, కార్మికులకు, స్త్రీలకు, పిల్లలకు వేర్వేరు కార్యక్రమాలు, ఆదివారం నాటకం, ఉషశ్రీ ధర్మసందేహాలు, రేడియో అన్నయ్య, అక్కయ్యల బాలానందం... ఆకాశవాణి హైదరాబాదు, విజయవాడ కేంద్రాలు ఒక్క రోజులో అందించిన వైవిధ్యం ఏ దేశపు రేడియోకూ తీసిపోదు. వంటింట్లో, పొలం గట్టున, సెలూన్లో వార్తల వేళకు జనం పనులు ఆపి విన్నారు. అయితే ఆ వైవిధ్యంలో ఎప్పుడూ కనిపించనిది ఒకటుంది: అధికారంలో ఉన్నవాణ్ని అడగడం. 2012 నవంబరులో బీబీసీ డైరెక్టర్ జనరల్ జార్జ్ ఎంట్‌విజిల్‌ను ఆ సంస్థ సొంత కార్యక్రమం ‘టుడే’లోనే దాని వ్యాఖ్యాత జాన్ హంఫ్రీస్ నిలదీశారు. జవాబు చెప్పలేక తడబడిన ఆ పెద్దమనిషి అదే రోజు సాయంత్రం రాజీనామా చేశారు. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి అధిపతిని ఆకాశవాణి ఉద్యోగి ఒకరు అలా అడిగి, మర్నాడు డ్యూటీకి రావడం ఊహకైనా అందుతుందా?

ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది. అమలులోకి రావడానికి 1997 దాకా పట్టింది. స్వయంప్రతిపత్తి అన్న మాట ఇంకా కాగితం దాటలేదు. జీతాలకు డబ్బు కేంద్రం నుంచే రావాలి, చూపూ అటే ఉంటుంది. ఉన్న కాస్త గొంతునూ కత్తిరించడం వేరే కథ. దేశమంతటికీ రాత్రిళ్లు ప్రసారమయ్యే ఆకాశవాణి నేషనల్ ఛానెల్‌ను 2019 జనవరిలో మూసేశారు. దానితోపాటు హైదరాబాదుతో సహా అయిదు చోట్ల ఉన్న శిక్షణ కేంద్రాలకూ తాళాలు పడ్డాయి. ఖర్చు తగ్గించుకోవడానికట. రేడియోలో వార్త చెప్పే హక్కు కేంద్రం ఈ ఒక్క సంస్థకే ఉంచింది. ఇది మాట్లాడదు, పక్కవాళ్లను మాట్లాడనివ్వరు.

ఆ గుత్తాధిపత్యం ఎలాంటిదో 1984 అక్టోబరు 31న దేశం కళ్లారా చూసింది. ఇందిరా గాంధీపై కాల్పులు జరిగింది ఉదయం. ఆమె మరణవార్తను ఆకాశవాణి చెప్పింది సాయంత్రం. ఆ లోపలే బీబీసీ చెప్పేసింది. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ గాంధీ సైతం తల్లి సంగతి తెలుసుకోవడానికి ట్రాన్సిస్టర్‌లో బీబీసీనే పట్టుకోవాల్సి వచ్చింది. కాబోయే ప్రధానికే సొంత దేశపు రేడియో దిక్కు కాలేదు.

ప్రైవేటు రేడియోల్లో వార్తలు ఎందుకు వద్దంటే, వందలాది స్టేషన్లు ఏం చెబుతున్నాయో కనిపెట్టే యంత్రాంగం లేదని, భద్రతకు ముప్పు రావచ్చని కేంద్రం సుప్రీంకోర్టులో వాదించింది. వదంతులతో ఊళ్లు తగలబడిన దేశంలో జాగ్రత్త అవసరం లేదని ఎవరూ అనరు. మరి రాత్రింబవళ్లు అరిచే టీవీ ఛానెళ్లను కనిపెడుతున్నది ఎవరు? ఒక్క క్షణంలో లక్ష ఫోన్లకు చేరే వాట్సాప్ పుకారును ఆపుతున్నది ఎవరు? యూట్యూబ్‌లో ఎవడు పడితే వాడు స్టూడియో తెరిచి వార్తలు చదవవచ్చు. లైసెన్సు ఫీజు కట్టి, చిరునామా ఇచ్చి, ప్రభుత్వానికి ఏటా ఆదాయంలో వాటా చెల్లించే రేడియో స్టేషన్ మాత్రం చదవకూడదు. దీనికి భద్రత అని పేరు పెట్టడం జనం చెవిలో పువ్వు పెట్టడమే.

రేడియో శక్తి ఏలికలకు తెలియక కాదు. ప్రధాని నరేంద్ర మోదీ 2014 అక్టోబరు నుంచి ‘మన్ కీ బాత్’ చెబుతున్నది ఆ మైకులోంచే. దేశాధినేత మనసులో మాట వినిపించడానికి సురక్షితమైన రేడియో, మునిసిపల్ కౌన్సిల్ సమావేశం గురించి చెప్పడానికి ప్రమాదకరమెలా అయింది? 2019లో ప్రభుత్వం పెద్ద మనసు చేసుకుని ఆకాశవాణి వార్తలను ప్రైవేటు ఎఫ్‌ఎంలు ప్రసారం చేసుకోవచ్చంది. ముక్క కూడా మార్చకూడదన్న షరతు మీద. అప్పుడు ఇవ్వజూపినవి హిందీ, ఇంగ్లిషు బులెటిన్లు. మాతృభాష మీద ప్రేమ అక్కడికి వచ్చేసరికి ఏమైందో!

ఇరుగుపొరుగునైనా చూడాలి. 2005లో నేపాల్ రాజు జ్ఞానేంద్ర అధికారాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాక చేసిన మొదటి పనుల్లో ఒకటి ఎఫ్‌ఎం రేడియోల్లో వార్తలు ఆపించడం. అది నిరంకుశత్వమని లోకమంతా అంది. ఆ రాజు గద్దె దిగాడు, ఆ నిషేధమూ పోయింది. అదే నిషేధం మన దగ్గర లైసెన్సు ఒప్పందంలో ఒక షరతుగా పాతికేళ్లుగా హాయిగా కూర్చుంది. యూపీఏ ఉన్నప్పుడూ ఉంది, ఎన్డీఏ వచ్చాకా ఉంది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ప్రజల ఆస్తిలో ప్రజల సంగతులకే చోటు లేదు.

కమ్యూనిటీ రేడియోలకు మరీ అన్యాయం. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి వాళ్లకు తెలిసినంత ఏ అధికారికీ తెలియదు. తమ యాసలో, తమ మాటల్లో కార్యక్రమాలు చేసుకుంటున్నారు. తమ మండలంలో నిన్న జరిగిన దాన్ని వార్తగా చెప్పడానికి మాత్రం వాళ్లకూ అనుమతి లేదు. వాళ్లవల్ల దేశ భద్రతకు ముప్పట!

రేడియోకు వార్తలు ఇస్తే పత్రికలకు పోటీ పెరుగుతుంది. మాకూ పెరుగుతుంది. పెరగనివ్వండి.

ఈ తాళం తీయడానికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. లైసెన్సు విధానంలో ఒక నిబంధన మారిస్తే చాలు. ట్రాయ్ సిఫారసును పట్టుకుని కూర్చున్న సమాచార ప్రసార శాఖ ఏ సంగతీ తేల్చకుండా కాలం ఎందుకు గడుపుతోంది? ఎఫ్‌ఎం యజమానులదీ తప్పే. కోట్లు పోసి లైసెన్సులు కొన్నవాళ్లు ఫీజు తగ్గించమని అడిగినంత గట్టిగా నోరు తెరవనివ్వమని అడగరు. ఇక రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఎన్నికలు రాగానే ఇవే ఎఫ్‌ఎంలలో తమ ప్రచారం మోతెక్కించుకునే పార్టీల సభ్యులు వీళ్లు. ఓట్లడగడానికి పనికొచ్చిన గొంతు తమను అడగడానికి పనికిరాదన్న ఏర్పాటు వాళ్లకు బాగా నచ్చినట్టుంది. లేకపోతే ఇన్నేళ్లలో ఒక్కరైనా సభలో లేచి దీన్ని గట్టిగా పట్టించుకునేవారు.