ఘాట్ రోడ్ల వెంట కొండెక్కుతున్న పరాయి మొక్కలు: ముందు లెక్క తేలాలి

అడవిని వేరే దేశాల నుంచి వచ్చిన పరాయి మొక్కలు కమ్మేస్తున్నాయని మాట్లాడుకున్నప్పుడల్లా మన చూపు అడవి లోపలికి పోతుంది. లెక్క మాత్రం రోడ్డు అంచున మొదలుపెట్టాలి. కొండ ప్రాంతాల్లో ఈ మొక్కలు ఎక్కువగా రోడ్డు పట్టుకునే పైకి పోతాయి కాబట్టి.

శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డునే తీసుకోండి. బొడ్డవర దాటాక మలుపులు తిరుగుతూ అనంతగిరి మీదుగా వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తుకు ఎక్కుతుంది. మైదానంలో పొలం గట్ల మీద కనిపించే వయ్యారిభామ, పోకబంతి, ముళ్ల లాంటానా ఈ రోడ్డు మార్జిన్‌లోనూ తగులుతుంటాయి. మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. లాంటానాను పూల అందం చూసి 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చారు. వయ్యారిభామ 1950లలో పుణె దగ్గర కంటపడింది. దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా ఇప్పుడు లాంటానా ముప్పులో ఉన్నట్టు 2020లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

ఏ జిల్లాలో ఏయే మొక్కలున్నాయో జాబితాలు రాసుకుంటూనే ఉన్నాం. ఫలానా మొక్క నిరుడు ఏ మలుపు దాకా ఉంది, ఈ ఏడు ఎంత పైకి జరిగింది, రోడ్డు దిగి అడవిలోకి ఎన్ని మీటర్లు పోయింది అన్నది జాబితా చెప్పదు. అది తెలియాలంటే గుర్తు పెట్టుకున్న చోట్లకే మళ్లీ మళ్లీ వెళ్లి కొలవాలి.

అందుకు తేలికైన పద్ధతి ఒకటి ఇప్పటికే ఉంది. 2005లో మొదలైన మిరెన్ అనే అంతర్జాతీయ పరిశోధకుల బృందం దాన్ని తయారుచేసింది. ఒక్కో ప్రాంతంలో మూడు కొండ రోడ్లు తీసుకుని, ఒక్కో రోడ్డు మీద అడుగు నుంచి శిఖరం దాకా ఎత్తును సమానంగా పంచి 20 చోట్లు గుర్తిస్తారు. ప్రతి చోటా రోడ్డు పక్కనే 50 మీటర్ల టేపు పరుస్తారు. దాని మధ్య నుంచి అడవిలోకి అడ్డంగా ఇంకో 100 మీటర్లు లాగుతారు. టేపు వెంబడి రెండు మీటర్ల వెడల్పులో ఏ మొక్క ఉంది, ఎంత మేర పరుచుకుంది అని రాసుకుంటారు. ఐదేళ్లకోసారి అదే చోటికి వచ్చి అదే పని చేస్తారు. టేపు, జీపీఎస్ ఉన్న ఫోను, మొక్కలు గుర్తుపట్టగలిగిన ఇద్దరు మనుషులు ఉంటే చాలు. మన దేశంలో కశ్మీర్ పరిశోధకులు ఈ పద్ధతిని అందుకున్నారు.

ఇలా 2007 నుంచి ఐదు ఖండాల్లోని 11 పర్వత ప్రాంతాల్లో మళ్లీ మళ్లీ కొలిచిన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పరాయి జాతుల సంఖ్య సగటున దశాబ్దానికి దాదాపు 16 శాతం పెరిగింది. పదకొండింటిలో పది ప్రాంతాల్లో మొక్కలు పైకి జరుగుతున్న ఆనవాళ్లు దొరికాయి. అంతకుముందు 2011లో ఇదే బృందం ఇంకో సంగతి తేల్చింది: కొండ పైన కనిపించే పరాయి జాతులు ఎక్కువగా కింద మైదానంలో ఉన్నవే. నేరుగా శిఖరం మీద దిగినవి అరుదు. అంటే పైకి రాబోయేదేదో ఘాట్ మొదట్లోనే కనిపిస్తుంది. ఈ ఒక్క మాట చాలు, మన అటవీ శాఖ కొలత ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి.

రోడ్డే ఎందుకు? రోడ్డు వేసినప్పుడు చెట్టు నీడ పోతుంది, మట్టి తిరగబడుతుంది, వాన నీరంతా సైడు కాలువలోకి చేరుతుంది. ఎండ, వదులు మట్టి, తడి మూడూ ఒకేచోట దొరికితే కలుపుకు అంతకన్నా ఏం కావాలి? విత్తనాలను బండ్లే మోస్తాయి. జర్మనీలోని బెర్లిన్‌లో మోటారు రోడ్డు సొరంగాల్లో బండ్ల నుంచి రాలిన విత్తనాలు పట్టి చూస్తే, అందులోని జాతుల్లో సగం దాకా పరాయివే అని తేలింది. మన దగ్గర టైర్ల బురదతో పాటు మార్జిన్ నింపడానికి కింద నుంచి టిప్పర్లలో పైకెక్కే గ్రావెల్ కూడా ఉంది. వయ్యారిభామ ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది. అలాంటి మొక్కలున్న చోట తవ్విన మట్టి లోడు కొండ మీద దించితే, విత్తనం చల్లినట్టే.

జంగిల్ క్లియరెన్స్ పేరుతో రోడ్డు అంచున పొదలు, కలుపు కొట్టించే పని కొన్నిసార్లు మేలుకన్నా కీడే చేస్తుంది. వయ్యారిభామ తెల్లగా పూసి విత్తు కట్టాక కోసి కాలువలో పడేస్తే, మొదటి వానకు ఆ విత్తనాలు కల్వర్టు దాటి దిగువ వాగులో పడతాయి. లాంటానాను కత్తితో పైపైన నరికితే మోడు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. భూమట్టానికి కాస్త కింద వేరును తెగ్గొట్టి, తీసిన మోడును మళ్లీ నాటుకోకుండా తలకిందులుగా పెట్టాలి. ఈ తేడా కూలికి ఎవరూ చెప్పరు, కాంట్రాక్టులో రాయరు.

రోడ్డు పక్క కలుపు రోడ్డు పక్కే ఉంటుందిలే అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. రోడ్డు నుంచి లోపలికి పోయేకొద్దీ చాలా జాతులు తగ్గిపోతాయి. కానీ మనకు పట్టింపు ఉండాల్సింది అన్నిటి గురించీ కాదు, రోడ్డు అంచు దాటి అడవిలోకి పోయే రెండు మూడింటి గురించే. పాడేరు కొండల్లో గిరిజనుల బతుకుకు ఆధారమైన కాఫీ కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే, దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. పరాయిదైనంత మాత్రాన పీకేయక్కర్లేదు. పశువుల మేతను తొక్కేసి పశువులకే విషమయ్యే లాంటానా, చర్మానికి దద్దుర్లు తెచ్చే వయ్యారిభామల సంగతి వేరు. ఏది ఏ కోవలోదో టేపు లోపలికి సాగిన ఆ వంద మీటర్లలోనే తెలుస్తుంది.

రాజమహేంద్రవరం నుంచి లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి విస్తరణ పనుల్లో కొండ అంచులు కొత్తగా తవ్వుతున్నారు. కొత్త మట్టి మీద ఏం మొలుస్తుందో వచ్చే రెండు మూడు వానాకాలాల్లో తేలిపోతుంది. మొదటి కొలత ఆలోపే జరగాలి. లేకపోతే ఐదేళ్ల తర్వాత పోల్చుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. శేషాచలంలో తిరుమల ఘాట్ రోడ్లు, నల్లమలలో శ్రీశైలం రోడ్డు కూడా ఇందులో చేరాలి. విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విద్యార్థులకు దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. మొక్కను ఆకు చూసే గుర్తుపట్టే ఆదివాసీ యువకులను జతచేసి, వాళ్లకు రోజు కూలి కాకుండా సర్వేయర్ జీతమివ్వాలి. రోడ్డు కాంట్రాక్టులో రెండు షరతులు చేర్చాలి: మార్జిన్ నింపే గ్రావెల్ ఎక్కడ తవ్వారో చూపాలి, జంగిల్ క్లియరెన్స్ పూతకు ముందే పూర్తిచేయాలి.